అమ్మ అడిగిన నుయ్యి

పోయిన ఫిబ్రవరిలో పిన్ని కూతురి పెళ్లికి పొడంపేట బయల్దేరుతుంటే అమ్మ ఒకటే మాట చెప్పింది. "పెళ్లికేం, ఎలాగూ అవుద్ది. మా ఇంటి నుయ్యి ఉందో లేదో చూసి రా." మోకాళ్ల నొప్పులతో తను రైలెక్కలేదు. పదహారేళ్లప్పుడు నాన్న వెనక మన మిల్లు లైన్లకి వచ్చేసిన మనిషి. అయినా నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె పెట్టిన ప్రతిసారీ ఆ నుయ్యి తలుచుకుంటుంది.

పొడంపేట ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది. బరంపురంలో రైలు దిగి బస్సెక్కితే ఛత్రపురం దాటాక నది వంతెన వస్తుంది. గంజాం ఊళ్లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. దారిలో మొగలి పొదలు, సరుగుడు తోటలు. కంధమాల్ కొండల్లో పుట్టి సుమారు 165 కిలోమీటర్లు నడిచిన ఆ నది, మొగ దగ్గరికొచ్చేసరికి ఎటు వెళ్లాలో తేల్చుకోనట్టే ఉంటుంది. ఒక ఏడు ఇసుక దిబ్బ ఇటు కడుతుంది, ఇంకో ఏడు అటు తెగుతుంది.

1936 దాకా ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఒడిశా వేరుపడ్డాక గీత మారిందిగాని మనుషులు మారలేదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, వల లాగేటప్పుడు రెండూ. మా అమ్మమ్మ పుట్టిల్లు బారువ. ఇప్పటికీ సంబంధాలు శ్రీకాకుళం తీరం వైపే ఎక్కువ.

ఆటో ఆగింది పాత ఊళ్లో కాదు. ఒడ్డుకు దూరంగా కట్టుకున్న కొత్త ఊళ్లో. పిన్ని ఎదురొచ్చి, "ఏటి బాబూ, ఇన్నాళ్లకా తోవ తెలిసింది?" అంది. కాళ్లు కడుక్కోగానే నుయ్యి సంగతి అడిగాను. పిన్ని మాట్లాడలేదు. బాబాయిని పిలిచి, "ఆడికి సూపించీ" అంది.

బాబాయి నన్ను ఒడ్డుకి తీసుకెళ్లాడు. మొండి గోడలు, సగం ఇసుకలో కూరుకుపోయిన గడపలు. తూర్పు తీరంలో అలలు ఇసుకను ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. దారిలో ఎక్కడ అడ్డుగోడ కట్టినా, దానికి ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. దానికితోడు మొగ జరగడం, తుపానులు. 2013 అక్టోబరులో పైలిన్ తీరం దాటింది ఇక్కడికి దగ్గరలోని గోపాలపురం దగ్గరే.

"అదిగో" అన్నాడు బాబాయి. అలల్లో సిమెంటు వరలు గొట్టంలా నిలబడి ఉన్నాయి. చుట్టూ ఉన్న నేల పోయింది, నుయ్యి మిగిలింది. అల వచ్చినప్పుడల్లా లోపలికి దూకుతోంది.

ఆ రాత్రి పెళ్లింట్లో ఒడ్డువైపు దీపాలు వెయ్యలేదు. తాబేళ్ల కాలమట. ఇక్కడి ఒడ్డుకి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని 1994లో బయటి లోకానికి తెలిసింది. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. కొన్నేళ్లు గుంపులు రానే రావు. ఒక్కొక్కటి వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. దాదాపు యాభై రోజులకి పిల్లలు బయటికొస్తాయి. వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి కాబట్టి దీపం కనిపిస్తే ఊళ్లోకి వచ్చేస్తాయి. ఊరి కుర్రాళ్లు బుట్టల్లో ఏరి సముద్రంలో వదులుతారు.

వాటి కోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఏడు నెలలు! "తాబేలుకి పుట్టిల్లు కావాల, మాకు కూడు కావాల. ఇద్దరికీ ఒడ్డు ఒకటే, అదీ తరిగిపోతంది" అన్నాడు బాబాయి. అందుకే పెళ్లిలో కుర్రాళ్లు తక్కువ. సగం మంది మద్రాసు, కేరళ వైపు బోట్ల మీద కూలికి వెళ్లారు. మా లైన్లలో మిల్లు షిఫ్టులు తగ్గించినప్పుడు మన పిల్లలు వెళ్లినట్టే.

తిరుగు ప్రయాణంలో పిన్ని ఎండు నెత్తళ్ల మూట చేతికిచ్చి చెప్పింది. "నుయ్యుందనే సెప్పు. అబద్దం కాదు గదా."

ఇంటికొచ్చి అలాగే చెప్పాను. అమ్మ మొహం వెలిగింది. వెంటనే అడిగింది, "నీళ్లు తాగినావా? తియ్యగున్నాయా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అమ్మ చాలాసేపు నెత్తళ్ల తలలు గిల్లుతూ కూచుంది. ఏడుస్తుందనుకున్నాను.

"మరి పిన్నోళ్లు నీళ్లెక్కడ తెచ్చుకుంటన్నారు?"

"కొత్త ఊళ్లో బోరింగు ఉందమ్మా."

"ఎంత దూరం?"

"గుమ్మంలోంచి కనపడుద్ది."

"అయితే పర్లేదు" అంది. కాసేపాగి, "వచ్చే ఏడు నన్ను తీసుకెళ్లు. ఆ బోరింగు నీళ్లెలా ఉన్నాయో చూస్తాను" అంది.