తల్లి నోట తల్లి మాట

సోదరీమణులారా! తల్లిప్రేమను కొనియాడని భాష లేదు. కాని ఆ పద్యములలో తల్లి స్వయముగా పలికినవి యెన్ని? పోతనామాత్యుని యశోద మనకెంత ఆత్మీయురాలైనను, ఆమె పలుకులు పురుషుడు కూర్చినవే. ఆంగ్లకవిత్వమునందును చిరకాలము ఇదియే తీరు. ఈ కొరతను ఆధునిక కవయిత్రులు తీర్చుచున్నారు. మావారు పాఠశాలనుండి తెచ్చిన గ్రంథములలో వారి పద్యములను, వంటపని ముగిసిన మధ్యాహ్నములందు నేను చదువుకొంటిని.

అమెరికాలో జన్మించి ఇంగ్లండున కాపురము చేసిన సిల్వియా ప్లాత్ 1961లో 'మార్నింగ్ సాంగ్' అను పద్యము రచించెను. రాత్రివేళ శిశువు రోదనము విని, తడబడుచు లేచు తల్లి యందున్నది. తానొక మేఘమువలె గాలికి చెరగిపోవుదునేమో యని యామెకు శంక. ఆ శంకను మనలో నెవ్వరెరుగరు? బయటికి చెప్పినచో ప్రేమ కొరవడినదందురని మ్రింగుకొందుము. ఆమె దాచుకొనలేదు, ఐనను ఏడ్పు వినబడగానే లేచినది. ప్రేమ యా లేచుటలో నున్నది. 1962 శరత్కాలమున, ఇద్దరు బిడ్డలును మేల్కొనకమున్నే, తెల్లవారుజామున నామె పద్యములు వ్రాసెడిది. మరుసటి ఫిబ్రవరిలో 30 ఏండ్లకే అసువులు బాసెను.

1999లో స్కాట్లండు కవయిత్రి కాత్లీన్ జేమీ 'జిజెన్' అను సంపుటము ప్రకటించెను. స్కాట్సు భాషలో నది పురిటిమంచమునకు పాతపేరు. గర్భస్థశిశువును తెరపై చూపు వైద్యపరీక్ష పేరే యందొక పద్యమాలకు శీర్షిక.

ఆ యేడే కారొల్ ఆన్ డఫీ 'ది వరల్డ్స్ వైఫ్' వెలువరించెను. అందలి కడపటి పద్యము గ్రీకుల సస్యదేవత డిమీటరు పలుకు. పాతాళపతి యపహరించిన కూతురు తిరిగివచ్చువరకు తల్లికి లోకమంతయు శీతకాలమే. బిడ్డ నడచివచ్చుచుండగా వసంతము వెంటవచ్చును. మనకును ఆడబిడ్డ పుట్టింటి గడప త్రొక్కిననాడే గదా పండుగ! 1668లో డ్రైడను మొదలుకొని పురుషులకే దక్కిన రాజాస్థానకవి పదవిని 2009లో నలంకరించిన ప్రథమవనిత ఈమెయే.

మన లాలిపాటలలో ననేకము కట్టిన తల్లుల పేర్లు మనకు తెలియవు. సోదరులారా యని పిలుచు గ్రంథములు చాలగలవు. కావున, బిడ్డ నిద్రించిన వేళ మీకు తోచిన నాలుగు మాటలు, సంతోషమైనను అలసటయైనను, వ్రాసియుంచుడు. క్రింద మీ పేరు వ్రాయ మరువకుడు.