జాం ముద్ద, చీజు ముక్క

వదినా, పనైందా? జర గోడకాడికి రా. మీ బిడ్డ స్పెయిన్ల తిన్ననన్న పండు సంగతి ఎరికైంది. క్విన్స్ అంటరు దాన్ని. టవర్ సర్కిల్ మొత్తం తిరిగినా దొరకది, అది సలి జాగల కాసే చెట్టు. మన దేశంల కాశ్మీర్ల కాస్తది, ఆడ వంకాయలేసి కూర వండుతరు. యునానీ మందుల దుకాణంల బిహిదానా అమ్ముతరు సూడు, నానవెడితే జిగట జిగటైతది, దగ్గుకు తాగుతరు. గవి ఈ పండు గింజలే!

పచ్చిది కొరికితే వగరుకు నాలుక ముడుసుకపోతది. చక్కెరేసి సన్న సెగ మీద శానసేపు ఉడికిస్తే ఎర్రగ తిరిగి ముద్ద కడతది. దాన్ని బిళ్లలు కోసి, మాంచెగో అని గొర్రెపాల చీజు ఉంటది, దాంతోని తింటరు స్పెయినోళ్లు.

తీపి మీద ఉప్పేందని నవ్వకు. జాంకాయ మీద మనం ఉప్పు కారం సల్లుకుంటలేమా? బ్రెజిల్‌కు వోయిన పోర్చుగీసోళ్లు గూడ క్విన్స్ లేక జాంపండుతోనే ముద్ద చేసుకున్నరు. ఇయ్యాల్టికీ ఆడ జాం ముద్ద, చీజు కలిపే తింటరు. ఆ జోడికి రోమియో జూలియెట్ అని పేరు. సచ్చిపోయినోళ్ల పేరు తిండికి పెట్టుడేందో! జాం ముద్ద గోవల గూడ చేస్తరు, పెరాద్ అని.

మనకు జాం కరువా? బాగ పండినయి తే, దాంట్ల నాలుగు దోరకాయలు కలుపు, ముద్ద గట్టిపడేది వాటితోనే. ఉడకవెట్టి, గింజలు పోయేటట్టు జల్లెడల రుద్దు. కిలో గుజ్జుకు ముప్పావు కిలో చక్కెర, ఒక నిమ్మకాయ రసం. మందపు గిన్నెల పెట్టి, అంచులు ఇడిసేదాక కలుపుతనే ఉండాలె. చిట్లి చేతుల మీద పడ్తది, పొడుగు గంటె పట్టు. నెయ్యి రాసిన పళ్లెంల పోసి, తెల్లారినంక కొయ్యి. బస్సులల్ల అమ్మే అల్లం మురబ్బా లెక్క బిళ్లలైతయి, గాని మెత్తగుంటయి.

మా ఆడబిడ్డ ఉట్నూరు నుంచి ఇప్పపువ్వు లడ్డూలు తెస్తే, వాటితోని గూడ చీజు తిని సూసిన. కుదరలే. బెల్లం, పల్లీల రుచే ముందుకొచ్చింది, చీజు ఉన్నట్టే తెలవలే. లడ్డు లడ్డుగనే తినాలె.

ఇగ చీజంటవా, పనీరు మాత్రం పెట్టకు. దాంట్ల ఉప్పు లేదు, పులుపు లేదు, జాం ముందట సప్పగైతది. మాంచెగో యాడ తెస్తం గాని, అమూల్ చీజు డబ్బా తెచ్చుకో. జర ఉప్పగుంటది, సాలు. ఫ్రిజ్‌లకెళ్లి ముందే తీసి పెట్టు, సల్లగుంటే దేని రుచీ తెలవది.