మీ సాఫ్టువేరు బంగారమే, నా ప్రశ్నకి జవాబేదీ?

సినిమా హీరోల ఫాన్సుని చూసి మనం నవ్వుకుంటాం. కటౌటుకి పాలు పోస్తారనీ, పక్క హీరో పేరెత్తితే కొట్టుకుంటారనీ. మరి మన సాఫ్టువేరు జనంలో అభిమాన సంఘాలు లేవా? వీఐ వాడేవాణ్ణీ, ఈమాక్స్ వాడేవాణ్ణీ పక్కపక్కన కూచోబెట్టి "ఏది బెటరు?" అని అడిగి చూడండి. ఆ తగువు 1980ల నుంచీ నడుస్తోంది, ఇంకా తెగలేదు!

సరదా తగువులతో నాకే పేచీ లేదు. సాయం అడిగిన వాడి మీద పడే ఫాన్సుతోనే గొడవంతా.

మా టీములో ఒక జూనియర్ ఉన్నాడు. చిన్న ఊరు, తెలుగు మీడియం. సొంత లాప్‌టాపులో లినక్స్ వేసుకుంటే వైఫై రాలేదు. రాసిన ఇంగ్లీషు నాలుగుసార్లు సరిచూసుకుని మరీ ఒక యూజర్ గ్రూపులో అడిగాడు. ఒకాయన "ఆ డిస్ట్రో ఎందుకు, మాది వేసుకో" అన్నాడు. ఇంకొకాయన "మాన్యువల్ చదువు" అన్నాడు. మూడో ఆయన "ఆ కార్డున్న లాప్‌టాప్ కొనడమే నీ తప్పు" అని తేల్చేశాడు. అసలు ఏం చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాలుగో రోజుకి వాడు విండోస్ వేసేసుకున్నాడు. అది పోనీండి, ఆ తర్వాత ఆఫీసులో కూడా డౌట్లడగడం తగ్గించేశాడు. నాకు బాధనిపించింది అక్కడే.

నిజానికి ఆ ప్రశ్నలో తప్పేముంది? చాలా వైఫై కార్డులు ఫర్మ్‌వేర్ ఫైలు లేనిదే పనిచెయ్యవు. ఆ ఫైళ్ళ సోర్సు కంపెనీలు ఇవ్వవు కాబట్టి డెబియన్ వాటిని తన అధికారిక ఇన్‌స్టాలర్లో పెట్టేది కాదు. విడిగా దించుకోవాలి. అంటే నెట్ రావడానికి ముందు నెట్ కావాలన్నమాట! చివరికి 2022లో వోటింగు పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచీ కలిపేశారు. సిద్ధాంతం మీద అంత పట్టుదల ఉన్న డెబియన్ వాళ్ళే వాడేవాడి కష్టం కష్టమేనని ఒప్పుకున్నారు. ఫాన్సు మాత్రం ఒప్పుకోరు.

ఇంకోటి చూడండి. వీఐ వారసుడు విమ్‌లోంచి బయటికి రావడం ఎలా అని 2012లో ఒకరు స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడిగారు. వినడానికి ఎంత సిల్లీ ప్రశ్న! 2017కల్లా ఆ పేజీని పది లక్షలసార్లు చూశారు. అడిగింది ఒక్కరే, అడగడానికి మొహమాటపడ్డవాళ్ళు ఎంతమందో.

గూగుల్లో వెతక్కుండా అడిగేవాళ్ళూ ఉంటారు, కాదన్ను. ఊరికే సాయం చేసేవాళ్ళ ఓపికకీ హద్దుంటుంది. కానీ ఓపిక లేనప్పుడు ఊరుకోవచ్చు కదా, వెక్కిరించడం ఎందుకు? మీరొక మాటంటే ఆ మాట మీ పేరున ఉండదు, మీరు ప్రేమించే సాఫ్టువేరు ఖాతాలో పడుతుంది.

ఆకలేసినవాడికి ముందు అన్నం పెట్టండి బాబూ. మీ ఇంటి ఆవకాయ గొప్పతనం తింటూ వింటాడు.

ఏమంటారు?