ముళ్ల సంచికి తాత వేషం

సాకోరైటస్ అనే జీవి మనిషికి తొలి ముత్తాత అని 2017లో ఒక పత్రికలో రాశాను. దాన్ని చదివి మెచ్చుకున్నవాళ్లు చాలామంది, నన్ను చెడగొట్టింది అదే. ఆ తర్వాత బడుల్లో ఎక్కడ మాట్లాడమన్నా దాని కథే చెప్పేవాణ్ని. సంచి లాంటి ఒళ్లు, పెద్ద నోరు, మలద్వారం లేదు, తిన్నదాంట్లో మిగిలింది మళ్లీ నోట్లోంచే. పిల్లలు పడీపడీ నవ్వేవారు.

జీవి మాత్రం నిజం. చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో, దాదాపు 53.5 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయిలో దొరికింది. పొడవు మిల్లీమీటరు పైచిలుకు. ఇలాంటివాటి కోసం రాళ్లను పలచని ఆమ్లంలో కరిగించి, అడుగున మిగిలిన నలుసులను మైక్రోస్కోపు కింద ఏరుకుంటారు. మూడు టన్నుల రాయి పనిపడితే దక్కినవి 45 శిలాజాలు. జియాన్ హాన్, సైమన్ కాన్వే మోరిస్‌ల బృందం వాటిని చూసి, ఇది డ్యూటెరోస్టోమ్ అని నేచర్ పత్రికలో ప్రకటించింది. వెన్నెముక ఉన్న జంతువులూ సముద్ర నక్షత్రాలూ ఆ వర్గంలోవే. వాళ్లు చూపిన ముఖ్యమైన ఆధారం, ఒంటికి ఇరుపక్కలా ఉన్న బుడిపెలు, వాటికున్న రంధ్రాలు. మింగిన నీళ్లు వాటిలోంచి బయటికి పోయేవనీ, మొప్పల చీలికలకు ఇవే తొలిరూపం కావచ్చనీ అన్నారు.

నా వ్యాసంలో ఆ రంధ్రాలకు దక్కింది ఒక్క వాక్యం. నిజం చెప్పాలంటే నేను అసలు పరిశోధన పత్రం తెరవనేలేదు, వార్త చదివి రాశాను. మలద్వారం ఆనవాలు కనిపించలేదని వాళ్లంటే, అసలు లేదని నేను తేల్చేశాను. వాళ్ల ఊహ దేనిమీద నిలబడిందో ఆ కొయ్యను పీకేసి, పైకప్పు మాత్రం పట్టుకొచ్చి జనానికి చూపించాను.

2022 ఆగస్టులో, మళ్లీ నేచర్‌లోనే, ఆ కొయ్యే విరిగింది. చైనా, బ్రిటన్ పరిశోధకులు కొత్తగా దొరికిన వందల శిలాజాల్లో మేలైనవాటిని స్విట్జర్లాండ్‌లోని సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాలతో పొరపొరా చూశారు. ఆ రంధ్రాలు నీళ్లు పోయే దారులు కావు, ముళ్లు విరిగిపోయిన చోట్లు. చర్మపు లోపొర అక్కడ ముల్లుగా బయటికి పొడుచుకొచ్చి ఉండేది. మొప్పల మాట పోయింది, దాంతో మనతో చుట్టరికమూ పోయింది. ఇప్పుడు దాన్ని ఎక్డైసోజోవా అనే వర్గంలో పెట్టారు. చర్మం విడిచి పెరిగే కీటకాలు, పీతలు, నులిపురుగుల బంధుగణం అది.

మొదట నాకు కోపమే వచ్చింది. ఈ శాస్త్రవేత్తలు ఏటికో మాట మారుస్తారని విసుక్కున్నాను. తర్వాత 2017 నాటి పత్రం తీసి చదివితే, మాట మార్చిన దోషం వాళ్లకంటే నాకే ఎక్కువని తెలిసింది. పైగా ముళ్ల దగ్గర బోల్తాపడ్డ కథ నాకు తెలియనిది కాదు. కెనడాలో దొరికిన హాలూసిజీనియాను 1977లో ఇదే కాన్వే మోరిస్ ముళ్లమీద నడిచే జీవిగా తలకిందులుగా నిలబెట్టారు. 1991లో రామ్‌షోల్డ్, హౌ షియాన్‌గ్వాంగ్ దాన్ని తిరగేసి, ముళ్లు వీపుకు, కాళ్లు నేలకు అని చూపారు. ఆ కథనూ హాయిగా నవ్వుతూ రాసినవాణ్నే.

సవరణ వ్యాసం రాశాను. తాత కథ చదివినవాళ్లలో అది ఎందరి కంట పడిందో అనుమానమే. అప్పుడు నవ్విన పిల్లలు ఈపాటికి కాలేజీలకు వెళ్లి ఉంటారు, వాళ్లలో ఎవరైనా ఇంకా ఆ సంచిని తాత అనే అనుకుంటున్నారేమో.

ఈమధ్య చాన్సెలోరియా గురించి రాశాను. సముద్రం అడుగున అంటుకుని బతికిన మరో ముళ్ల సంచి, ముళ్లు నక్షత్రాల్లా ఉంటాయి. 1920లో వాల్కాట్ అనే శాస్త్రవేత్త దాన్ని స్పాంజి అన్నారు. పేగు జాడ లేదు గనుక ఆ మాటకు బలముంది. కానీ ఆ ముళ్ల లోపల బోలు, మొదలు దగ్గర చిన్న రంధ్రం. స్పాంజి ముళ్లు అలా ఉండవు, హాల్కీరియా అనే పొలుసుల జీవి పొలుసులు అలా ఉంటాయి గనుక దానికి చుట్టమని మరో వాదం. రెండు వాదాలనూ వాటి ఆధారాలతో సహా రాసి పంపాను. ఏదో ఒకటి తేల్చి రాయమని సంపాదకుడు ఫోన్ చేశారు. తేలలేదు కాబట్టే తేల్చలేదన్నాను. వ్యాసం ఇంకా ఆయన దగ్గరే ఉంది.