కొలఁది యెఱిఁగి కొనుట



పదిమంది భుజించు నింటికి నూఱుమందికి వండు గంగాళమును గొనుట యవివేకమని మనకెల్లరకుఁ దెలియును. అయినను కంప్యూటరు కొనునప్పుడు మేమీ చిన్న న్యాయమును మఱచితిమి.

మా వీధి స్త్రీలు నలువురతోఁ గలసి మేము పచ్చళ్ల వ్యాపారమును నడుపుచున్నాము. 2022వ సంవత్సరమున, ఆవకాయ కాలమునకు ముందు, పొదుపు సంఘపు ఋణముతో 90,000 రూపాయలకొక కంప్యూటరును గొంటిమి. "ఇది మిక్కిలి శక్తిగలది" యని యంగడివాఁడనెను, మేము తలయూఁచితిమి. ఆటలకును, చలనచిత్రములను గూర్చుటకును బనికివచ్చు గ్రాఫిక్స్ కార్డు అందుఁ గలదు. మా పనియో, దినమునకు 30 బిల్లులు వ్రాయుట, జి.ఎస్.టి. లెక్క కట్టుట, సీసాలపై నంటించు చీటీలను ముద్రించుట. సొమ్మంతయు నా యంత్రమునకే వ్యయమగుటచే యు.పి.ఎస్. కొనలేదు; లెక్కలకు నకలు నుంచలేదు.

జ్యేష్ఠమాసమున నొకనాఁటి గాలివానకు విద్యుత్తు పలుమాఱు పోయి వచ్చెను. లెక్కలున్న హార్డు డిస్కు చెడినది. ఆ కాలపు లెక్కలన్నియుఁ బోయినవి. కాయలు కొట్టు వృద్ధురాలికి మేమీయవలసిన కూలి యెంతయో తెలియలేదు. ఆమె మాఱు మాటాడక మమ్ముఁ దన యింటికిఁ గొనిపోయి, 100 కాయలకొకటి చొప్పున గోడపై బొగ్గుతో గీసికొన్న గీతలను జూపినది. వానిని లెక్కించి కూలి చెల్లించితిమి. మా యంత్రము నిలుపలేని లెక్కను బొగ్గుముక్క నిలిపినదని సిగ్గుపడితిమి.

పిమ్మట నొక కాగితముపై వ్రాసికొంటిమి: దినమునకెన్ని బిల్లులు? ఒక్కమాఱెందఱు పనిచేయుదురు? ఏది పోయిన వ్యాపారము నిలిచిపోవును? దానినిబట్టి, మొదటిదానిని వచ్చిన వెలకు విక్రయించి, 8 జి.బి. ర్యామ్, 256 జి.బి. ఎస్.ఎస్.డి. గల సాధారణ యంత్రమును గొంటిమి, మాకదియే చాలినది. ఎస్.ఎస్.డి.లోఁ దిరుగు భాగములు లేవు గావున పని త్వరగా సాగును. అయినను అదియుఁ జెడవచ్చును. అందుచే మిగిలిన సొమ్ముతో యు.పి.ఎస్.ను, నకలుంచుటకు వేఱొక డిస్కును, లేజరు ప్రింటరును దెచ్చితిమి. లేజరు ప్రింటరు పొడితో ముద్రించును. వారములు వాడకున్నను సిరావలె నెండిపోదు.

కొఱఁతయు దోషమే. విండోస్ 11కు 4 జి.బి. ర్యామ్ కనీసపుఁ గొలఁత మాత్రమే. దానితో నాలుగు పనులొక్కమాఱు మొదలిడిన యంత్రము నత్తనడక నడచును. చవకయని పాత యంత్రమును గొనువారు మఱియొకటి గమనింపవలెను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కుఁ గావలసిన టి.పి.ఎం. 2.0 పాత యంత్రములు పెక్కింట లేదు.

ఇప్పుడు ప్రతి శుక్రవారము సాయంకాలము లెక్కలకు నకలు తీయుచున్నాము. ఆ వృద్ధురాలు మాత్రము నేఁటికిని గోడపై గీతలు గీయుచునే యున్నది. మేము వలదనము.