ముసలి కుక్కకు పెద్ద ఆపరేషన్: ఖర్చు లెక్క, కోలుకునే కాలం

ఇంట్లో పెంచుకున్న కుక్కకు ముసలితనంలో చేయించాల్సి వచ్చే పెద్ద ఆపరేషన్ కుటుంబ బడ్జెట్‌లో ఒక ప్రత్యేకమైన ఖర్చు. అది చెప్పి రాదు. వచ్చాక వాయిదా వేయడానికి వీలుండదు. బిల్లు కూడా ఒక్కరోజుతో తేలదు. అలాగని అది పూర్తిగా ఊహకు అందని ఖర్చు కాదు. పెద్ద జాతి కుక్కలకు ఏడెనిమిదేళ్ళకే వృద్ధాప్యం మొదలవుతుంది, చిన్న జాతులకు పదేళ్ళ ప్రాంతంలో మొదలవుతుంది. లాబ్రడార్ సాధారణంగా 10 నుంచి 12 ఏళ్ళు బతుకుతుంది. అంటే పిల్లను ఇంటికి తెచ్చిన రోజే, పెద్ద వైద్యం ఖర్చు ఏ కాలంలో రావచ్చో సుమారుగా చెప్పవచ్చు. వ్యాసకర్త కుటుంబం హైదరాబాద్‌లో ఒక ముసలి ఆడ లాబ్రడార్‌కు గర్భసంచి తీయించింది. ఆ సమయంలో తీసుకున్న నిర్ణయాలే ఇక్కడి లెక్కలకు ఆధారం.

ముసలితనంలో వచ్చే ఆపరేషన్లు

వయసు మళ్ళిన కుక్కల్లో తరచూ ఎదురయ్యే పెద్ద ఆపరేషన్లు కొన్నే. ప్లీహంలో గడ్డలు, రొమ్ము గడ్డలు, మోకాలి లిగమెంటు తెగడం, లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో పొట్ట ఉబ్బి మెలిపడటం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్కల్లో గర్భసంచిలో చీము పట్టడం. చివరిదాన్ని పశువైద్యులు పయోమెట్రా అంటారు.

ఎద (హీట్) ముగిసిన కొన్ని వారాలకు, ప్రొజెస్టిరాన్ హార్మోను ప్రభావంలో ఉన్న గర్భసంచిలో బ్యాక్టీరియా పెరిగి చీము చేరుతుంది. కుక్క అదే పనిగా నీళ్ళు తాగుతుంది, ఎక్కువసార్లు మూత్రం పోస్తుంది, తిండి మానేస్తుంది, నీరసించిపోతుంది. గర్భసంచి ముఖద్వారం తెరిచి ఉంటే చీము బయటికి కనిపిస్తుంది. మూసుకుని ఉంటే బయటికి ఏమీ కనిపించదు, పొట్ట మాత్రం పెరుగుతుంది. లోపల పగిలే ప్రమాదం ఉన్నందున ఈ రెండోదే ఎక్కువ ప్రాణాంతకం. గర్భసంచిని, అండాశయాలను తీసివేయడమే నమ్మదగిన చికిత్స. స్కానింగ్‌లో తేలిన తరువాత ఆలోచించుకునే వ్యవధి గంటల్లోనే ఉంటుంది. డబ్బు గురించిన ఆలోచన అప్పటికే పూర్తయి ఉండాలనడానికి కారణం ఇదే.

బిల్లు మూడు భాగాలు

ఇలాంటి ఖర్చు మూడు విడతల్లో వస్తుంది. మొదటి విడత పరీక్షలది: రక్తపరీక్ష, మూత్రపిండాలు, కాలేయం పనితీరు, స్కానింగ్, ఛాతీ ఎక్స్‌రే. ముసలి కుక్కకు మత్తు ఇవ్వడం ఎంతవరకు సురక్షితమో తేల్చేవి ఇవే కాబట్టి ఇక్కడ పొదుపు చేయకూడదు. రెండో విడతలో ఆపరేషన్, మత్తు, సెలైన్, ఆసుపత్రిలో ఉంచిన రోజుల ఖర్చు ఉంటాయి. మూడో విడత ఇంటికి తెచ్చాక మొదలవుతుంది: మందులు, డ్రెస్సింగులు, మళ్ళీ పరీక్షలు, ప్రత్యేక ఆహారం, రాకపోకలు, నేలపై పరిచే మ్యాట్లు.

వ్యాసకర్త కుటుంబానికి మొత్తం ఖర్చు సుమారు 60,000 రూపాయలు అయింది. పరీక్షలకు 8,000, ఆపరేషన్‌కు, ఆసుపత్రికి 34,000, ఇంటికి తెచ్చాక 18,000. ప్రతి వంద రూపాయల్లో ముప్పై ఆసుపత్రి గుమ్మం దాటాకే ఖర్చయ్యాయి. ఆసుపత్రి ముందుగా రాసిచ్చే ఎస్టిమేట్‌లో ఈ మూడో భాగం సాధారణంగా ఉండదు. అందువల్ల ఎస్టిమేట్ చేతికి రాగానే దానికి కనీసం మూడో వంతు కలిపి చూసుకోవడం మంచిది. ఆ మొత్తం భరించగలమా అన్నదే అడగవలసిన ప్రశ్న. ఎస్టిమేట్ వరకు మాత్రమే డబ్బు సర్దుకున్న ఇంట్లో మందులు, మళ్ళీ చేయించాల్సిన పరీక్షలు వెనకబడతాయి. ఆపరేషన్‌కు పెట్టిన డబ్బు ఫలితం కూడా అక్కడే దెబ్బతింటుంది.

డబ్బు ఎక్కడి నుంచి

ఈ కుటుంబంలో కుక్క పేరు మీద నెలకు 1,500 రూపాయల రికరింగ్ డిపాజిట్ రెండేళ్ళు నడిచింది. వడ్డీని పక్కన పెట్టినా 36,000 చేతికొచ్చాయి. మిగిలిన 24,000 ఇంటి అత్యవసర నిధి నుంచి తీశారు. నెలకు 4,000 చొప్పున ఆరు నెలల్లో ఆ నిధిని తిరిగి నింపాలని అదే రోజు పద్దు పుస్తకంలో రాసుకున్నారు. పిల్లల ఫీజుల సొమ్మునూ, పెద్దల మందుల సొమ్మునూ ముట్టుకోకూడదన్నది ముందే అనుకున్న హద్దు.

అత్యవసర నిధి లేని ఇంట్లో ఇదే 24,000 అప్పు తెచ్చుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఏ దారి ఎంచుకున్నారన్నది చాలా తేడా తెస్తుంది. క్రెడిట్ కార్డు బాకీని నిలిపి ఉంచితే నెలకు 3.5 శాతం వడ్డీ పడుతుందనుకుందాం. నెల వడ్డీ 840 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 151. అసలు ఒక్క రూపాయి తగ్గకుండానే నెలకు దాదాపు వెయ్యి పోతుంది. అదే మొత్తానికి బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టి ఏడాదికి 10 శాతం వడ్డీకి తెస్తే నెలకు 200 రూపాయలే. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీస్తే బ్యాంకులు సాధారణంగా వడ్డీ రేటులో అర శాతం నుంచి ఒక శాతం వరకు కోత పెడతాయి. 24,000 మీద ఒక శాతమంటే ఏడాదికి 240. చిట్టీని తొలి నెలల్లోనే పాడుకుంటే వదులుకునే పాట సొమ్మును కూడా వడ్డీగానే లెక్క కట్టాలి.

కాబట్టి వరుస ఇలా ఉండాలి: కుక్క కోసం దాచిన సొమ్ము, అత్యవసర నిధి, గడువుకు ముందు తీసే డిపాజిట్, బంగారం మీద బ్యాంకు రుణం. నెలనెలా పూర్తిగా తీర్చగలిగితేనే క్రెడిట్ కార్డు. ఫోన్ యాప్‌లలో నిమిషాల్లో దొరికే అప్పుల జోలికి అసలే పోకూడదు.

ఎక్కడ చేయించాలి

పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. తెలంగాణలో రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాల ఆసుపత్రి, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఇందుకు ఉదాహరణలు. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన తిరుపతి, గన్నవరం కళాశాలలు ఉన్నాయి. అక్కడ రద్దీ ఎక్కువ, రాత్రివేళ అత్యవసర సేవ అందుతుందో లేదో ముందే కనుక్కోవాలి. ప్రాణం మీదికి వచ్చిన ఆపరేషన్‌ను దగ్గరి ప్రైవేటు ఆసుపత్రిలో చేయించి, ఆ తరువాతి రక్తపరీక్షలను ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించడం మధ్యేమార్గం. వ్యాసకర్త కుటుంబం అనుసరించింది దీన్నే.

బిల్లు చూసేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. జంతువుల ఆరోగ్యానికి సంబంధించి పశువైద్య క్లినిక్ అందించే సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మందులకు, ప్యాకెట్లలో అమ్మే కుక్కల ఆహారానికి పన్ను ఉంటుంది. అందుకే సేవల బిల్లు, మందుల బిల్లు విడివిడిగా అడిగి తీసుకోవాలి.

కోలుకునే వారాలు

ఆపరేషన్‌కు పెట్టిన డబ్బు నిలిచేదీ పోయేదీ తరువాతి రెండు వారాల సంరక్షణలోనే. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో విప్పుతారు. అంతవరకు కుక్క కుట్లను నాకకుండా, కొరక్కుండా మెడకు కోన్ కాలర్ ఉండాలి. కాలర్ ఖరీదు కొన్ని వందల్లో ఉంటుంది. కుట్లు తెగితే మళ్ళీ మత్తు, మళ్ళీ ఆసుపత్రి ఖర్చు తప్పవు. కుక్క మొహం చూసి జాలిపడి కాలర్ తీసేయడం దానికి మేలు చేయదు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఎదురుగా కూర్చుని తీయవచ్చు.

మన ఇళ్ళలోని గ్రానైట్, టైల్స్ నేల మీద ముసలి కుక్క కాళ్ళు జారతాయి. పొట్ట మీద కుట్లున్న కుక్క జారిపడితే లోపలి కుట్లు కూడా దెబ్బతింటాయి. పడుకునే చోటి నుంచి గిన్నె దాకా, గుమ్మం దాకా రబ్బరు అడుగున్న మ్యాట్లు పరవాలి. మెట్లు ఎక్కించకూడదు. తప్పనిసరైతే వెనక కాళ్ళకు ముందు, కుట్లకు తగలకుండా, మడిచిన తువ్వాలును పొట్ట కింద నుంచి పట్టి బరువు మోయాలి. బయటికి తీసుకెళ్ళేది మలమూత్రాలకే, అదీ పట్టీ వదలకుండా.

నొప్పి మందుల విషయంలో సొంత వైద్యం పనికిరాదు. మనుషులు వాడే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కలకు విషమై మూత్రపిండాలనో కాలేయాన్నో దెబ్బతీస్తాయి. మెలోక్సికామ్ వంటి మందును కూడా మూత్రపిండాల పరీక్ష చూసి డాక్టరే మోతాదు నిర్ణయించాలి. డబ్బు ఆదా చేసుకునే చోటు వేరే ఉంది: మందును జెనరిక్ పేరుతో రాసివ్వమని డాక్టర్ను అడగడం. యాంటీబయాటిక్, కడుపులో మంట తగ్గించే మాత్ర వంటివి కొన్ని జన్ ఔషధి కేంద్రాల్లో చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. మనుషుల కోసం చేసిన సిరప్ ఏదైనా ఇచ్చే ముందు అందులో జైలిటాల్ లేదని చూసుకోవాలి. ఆ తీపి పదార్థం కుక్కలకు ప్రాణాంతకం.

ఆహారం గోరువెచ్చగా, కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం ఖరీదైన టిన్ను ఆహారానికి బదులు తాత్కాలికంగా సరిపోతాయి. ఇంట్లో మిగిలిన కూర కలపకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను విచ్ఛిన్నం చేస్తాయి.

పద్దులో కనిపించని ఖర్చు మనిషి సమయం. మొదటి వారం రాత్రీ పగలూ ఒకరు దగ్గర ఉండాలి. ఇంట్లో ఎవరు ఎప్పుడు సెలవు పెడతారో, ఎవరు ఇంటి నుంచి పని చేస్తారో ఆపరేషన్‌కు ముందే పంచుకుంటే జీతం కోత, బయటి మనిషికిచ్చే కూలి తప్పుతాయి. వాంతులు, ఒక రోజు దాటినా తిండి ముట్టకపోవడం, కుట్ల చోట వాపు, చీము, పాలిపోయిన చిగుళ్ళు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆలస్యమైన కొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది.

బీమా, పన్ను

పెంపుడు కుక్కలకు బీమా మన దేశంలో ఉంది. ప్రభుత్వ రంగంలో న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రైవేటు రంగంలో 2020 నుంచి బజాజ్ అలియాంజ్ ఇలాంటి పాలసీలు అమ్మాయి. పాలసీలో చేరడానికి గరిష్ఠ వయసు ఉంటుంది. పెద్ద జాతులకు ఆ హద్దు ఇంకా తక్కువగా ఉండవచ్చు. అప్పటికే ఉన్న జబ్బులకు పరిహారం రాదు. కనుక కుక్క చిన్నగా ఉన్నప్పుడే ఆలోచించాలి, ముసలిదయ్యాక సొంత పొదుపే బీమా. మనుషుల ఆరోగ్య బీమా కుక్కకు వర్తించదు. ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమాకు ఇచ్చే మినహాయింపు కూడా కుటుంబసభ్యుల కోసమే. కుక్క వైద్యానికి పెట్టిన ఖర్చు మీద పన్ను ఆదా ఉండదు.

హద్దు ఎక్కడ

ముసలి కుక్కకు ప్రతి చికిత్సా చేయించాల్సిందే అనడం న్యాయం కాదు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ను మూడు విషయాలు అడగాలి: బతికే అవకాశం ఎంత, బతికితే నొప్పి లేకుండా ఎంతకాలం, చేయించకపోతే ఏమవుతుంది. పయోమెట్రాలో గర్భసంచి తీసేస్తే జబ్బు మూలమే పోతుంది. కోలుకున్న కుక్క మళ్ళీ మామూలుగా తిరగగలదు. ఒళ్ళంతా పాకిన క్యాన్సర్‌లో అదే ఖర్చు కొన్ని వారాల బాధను మాత్రమే కొనవచ్చు.

అమెరికన్ పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ ఇందుకు ఒక కొలమానం తయారు చేశారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్న ఏడు అంశాలకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేయాలి. మొత్తం 35 దాటితే సంరక్షణ కొనసాగించవచ్చు. వారం వారం ఇలా రాసుకుంటే నిర్ణయం భయంతోనో అపరాధభావంతోనో కాక కుక్క స్థితిని బట్టి జరుగుతుంది. నయం కాని బాధలో డాక్టర్ సలహాతో నొప్పి లేని మరణం ఇవ్వడం కూడా సంరక్షణే. వదిలేయడం మాత్రం కాదు. జంతువు ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో దాన్ని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం.

ముందుచూపు

పిల్లలు వద్దనుకున్న ఆడ కుక్కకు చిన్న వయసులోనే ఆపరేషన్ చేయిస్తే పయోమెట్రా భయం దాదాపు ఉండదు, రొమ్ము గడ్డల ముప్పు కూడా బాగా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆడ కుక్కలకు ఈ ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువగా ఉన్న స్వీడన్‌లో బీమా రికార్డుల ఆధారంగా అధ్యయనం జరిగింది. పదేళ్ళ లోపే సుమారు నాలుగో వంతు ఆడ కుక్కలకు పయోమెట్రా వచ్చినట్టు అందులో తేలింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ముందే తేదీ అనుకుని చేయించే ఆపరేషన్ ఖర్చు, చీము పట్టాక అర్ధరాత్రి చేయించే ఆపరేషన్ ఖర్చులో చిన్న భాగం.

రెండో జాగ్రత్త పొదుపు. పిల్లను తెచ్చిన నెల నుంచి 1,000 రూపాయల చొప్పున దాస్తే పదేళ్ళకు అసలే 1,20,000 అవుతుంది. మూడోది ఏడేళ్ళు దాటాక ఏటా రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్. కుక్కను పెంచుతున్న ప్రతి ఇల్లూ ఈ నెలలోనే దాని పేర ఒక ఖాతా తెరవాలి. తన జబ్బు గురించి చెప్పుకోలేని ప్రాణి తరఫున డబ్బు లెక్క ముందుగా వేసి పెట్టాల్సిన బాధ్యత యజమానిదే.