అమ్మ కట్టేసిన ఫ్యాను

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. శక్తి నిర్వహణ విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్న నాకు ఈ సామెత అర్థం పూర్తిగా తెలిసివచ్చింది 2019వ సంవత్సరం మే నెలలో. అదీ మన కర్మాగారంలో కాదు, జంషెడ్‌పూర్‌లో మా అమ్మ ఒంటరిగా ఉంటున్న ఇంట్లో. ప్రతి ఏటా డిసెంబరు 14న, జాతీయ ఇంధన పొదుపు దినం నాడు, వేదికనెక్కి ఉపన్యసించే అలవాటున్న నేను ఆ అనుభవాన్ని సోదర ఉద్యోగులతోను, వారి కుటుంబసభ్యులతోను పంచుకోవడం నా విధిగా భావిస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్‌లోనే. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో అక్కడ తొలి ఉక్కు తయారైన నాటి నుండి ఆ ఊరు దేశం నలుమూలల నుండి పనివారిని రప్పించుకున్నది. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు రైలెక్కి కాళీమాటి స్టేషనులో దిగాయి. 1919లో ఆ స్టేషను టాటానగర్‌గా, సాక్చి గ్రామం చుట్టూ వెలసిన పట్టణం జంషెడ్‌పూర్‌గా పేర్లు మార్చుకున్నాయి. మా నాన్నగారు 1960వ దశకంలో మేనమామ వెంట అక్కడికి వెళ్ళి కర్మాగారంలో కుదురుకున్నారు. కద్మాలో మాకు కంపెనీ క్వార్టరు ఉండేది.

ఆ క్వార్టరులో కరెంటు ఖర్చు గురించి మాట్లాడుకున్న జ్ఞాపకం నాకు లేదు. నాన్నగారి జీతంలో నుండి స్వల్ప మొత్తమేదో కోతపడేది. ఫ్యూజు పోతే కంపెనీ మనిషి వచ్చి వేసి వెళ్ళేవాడు. రాత్రివేళ కొలిమి చిట్టాన్ని పారబోసినప్పుడు ఊరిమీది ఆకాశమంతా ఎర్రబడేది. నిప్పుకు, వెలుగుకు కరువులేని ఊరు అది.

అటువంటి ఊరిలో కూడా అమ్మ ఒక్క బొగ్గు పలుకును వృథా చేసేది కాదు. గ్యాసు రాకముందు అంగీఠీ మీద వంట. బస్తా అడుగున మిగిలిన బొగ్గు నుసిని బంకమట్టితో కలిపి ఉండలు చేసి పెరట్లో ఎండబెట్టేది. వాటిని అక్కడ 'గుల్' అంటారు. అన్నం వార్చిన తరువాత మిగిలిన సెగ మీద స్నానానికి నీళ్ళు కాగేవి. ఉష్ణ పునర్వినియోగమని నేను కళాశాలలో చదువుకున్న విషయాన్ని మా అమ్మ ఏ డిగ్రీ లేకుండానే ఆచరించింది.

నాన్నగారు 1998లో పదవీ విరమణ చేసి, సువర్ణరేఖ ఆవలి ఒడ్డున ఉన్న మాంగోలో మేడ ఇల్లు కట్టించారు. ఆ ఇంటి వైరింగు నేనే దగ్గరుండి చేయించాను. అమ్మకు మాటిమాటికీ స్విచ్చి వేసే శ్రమ ఉండకూడదని, ట్యాంకులో నీరు తగ్గగానే బోరు మోటారు దానంతటదే నడిచి, నిండగానే ఆగిపోయే ఏర్పాటు కూడా పెట్టించాను. ఇంజనీరు కొడుకు చేసిన పని అని నాన్నగారు వచ్చినవారందరికీ దానిని చూపేవారు. 2014లో ఆయన కాలం చేశారు. విశాఖపట్నం రమ్మని ఎంత బతిమాలినా అమ్మ ఆ ఇల్లు విడిచి రాలేదు. కరెంటు బిల్లు మాత్రం నేను ఇక్కడి నుండి ఆన్‌లైన్‌లో కట్టేవాడిని.

2019 ఏప్రిల్ బిల్లులో 310 యూనిట్లు కనిపించాయి. నలుగురం ఉన్న మా క్వార్టరు వాడకం అంతకన్న తక్కువ. ఆ రాత్రి ఫోనులో, "ఒక్క మనిషికి ఇన్ని యూనిట్లా అమ్మా? కాస్త చూసి వాడు" అన్నాను. కోపంతో అనలేదు. వేదికల మీద అలవాటైన మాట, నోటికి వచ్చేసింది. అమ్మ "సరే బాబూ" అన్నది.

మూడు వారాల తరువాత పొరుగింటి ఆవిడ ఫోను చేసింది. మధ్యాహ్నం వేళ అమ్మ వరండాలో సొమ్మసిల్లి పడిపోయిందట. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తున్నారట. దొరికిన రైలెక్కి టాటానగర్‌లో దిగాను. ఛోటానాగ్‌పూర్ వేసవిని ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. మధ్యాహ్నపు 'లూ' గాలి కొలిమి తలుపు తెరిచినట్లు ముఖాన కొడుతుంది. ఇంటికి వెళ్ళి చూస్తే కూలరు మీద దుప్పటి కప్పి ఉన్నది. పడకగది ఫ్యాను రెక్కలపై దుమ్ము పేరుకున్నది.

"ఇదేమిటమ్మా?" అంటే, "నువ్వే కదరా బిల్లు ఎక్కువవుతోందన్నావు. పగలంతా ఫ్యాను కట్టేసి వరండాలో కూర్చుంటున్నాను. తడి తువ్వాలు ఉంది కదా" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. బొగ్గు నుసిని ఉండలు చేసిన మనిషి, కొడుకు చెప్పిన పొదుపును కూడా అంతే శ్రద్ధగా పాటించింది. నాకు మాత్రం తల ఎత్తుకోవడం కష్టమైంది.

ఆ సాయంత్రం కాగితం, కలం తీసుకుని లెక్క వేశాను. 75 వాట్ల ఫ్యాను పది గంటలు ఆగితే ముప్పావు యూనిట్. 200 వాట్ల కూలరు ఆరు గంటలు ఆగితే దాదాపు యూనిట్టుంపావు. వెరసి రోజుకు దాదాపు రెండు యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే పన్నెండు రూపాయలు. పన్నెండు రూపాయల కోసం మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చుకున్నది. మరి మిగిలిన యూనిట్లు ఎక్కడికి పోతున్నాయి?

కర్మాగారంలో నష్టాన్ని వెదికే పద్ధతినే ఇంట్లోనూ అనుసరించాను. అమ్మను పొరుగింట్లో పడుకోబెట్టి, రాత్రి అన్ని స్విచ్చులూ కట్టేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడకం ఉన్నప్పుడు మీటరులోని చిన్న ఎర్రదీపం మిణుకుమంటుంది. చాలాసేపు అది కదలలేదు. రెండు గంటల ప్రాంతంలో ఉన్నట్లుండి సెకనుకొకసారి మిణకసాగింది. పెరట్లో మోటారు నడుస్తున్నది! ఆ ఇంట్లో ఒక్క కొళాయి కూడా తెరిచి లేదు.

మేడపైకి వెళ్ళాను. నాన్నగారు పోయాక ఎవరూ వాడని స్నానాలగదిలో, ఫ్లష్ ట్యాంకు నుండి సన్నని ధార చప్పుడు లేకుండా జారిపోతున్నదేమోనని అనుమానం కలిగింది. తెల్లవారాక అమ్మనడిగి బట్టలకు పెట్టే నీలిమందు తెచ్చి ఆ ట్యాంకులో కలిపాను. పది నిమిషాలలో కింది బేసిను నీలంగా మారింది. నిమిషానికి సుమారు రెండు లీటర్ల నీరు, అంటే రోజుకు మూడువేల లీటర్ల దాకా కాలువపాలు. దానిని తోడడానికి మోటారు రోజుకు రెండున్నర గంటలు, నెలకు 75 యూనిట్లు. నేను పెట్టించిన స్వయంచాలక ఏర్పాటు ఈ నష్టాన్ని ఎవరి కంటా పడకుండా దాచింది. అమ్మే స్విచ్చి వేసుకుని ఉంటే మొదటి వారంలోనే కనిపెట్టి ఉండేది. మార్చవలసింది ఒక్క రబ్బరు వాషరు.

తరువాతి వంతు ఫ్రిజ్‌ది. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగితే సులువుగా ఊడివచ్చింది. రబ్బరు అంచు బిగువు పోయిందన్నమాట. చల్లదనం బయటికి పోతుంటే కంప్రెసరుకు విశ్రాంతి లేదు. అది ఒక్కటే రోజుకు మూడు యూనిట్లు తాగుతున్నది. పాత ఫ్యాను రెగ్యులేటరు పెట్టె చేయి పెట్టలేనంత వేడెక్కేది. వేగం తగ్గించినా, తగ్గిన విద్యుత్తులో కొంత అక్కడే ఆవిరి. నాలుగు ట్యూబులైట్లు రాగి చోకులతో కలిపి ఒక్కొక్కటి 50 వాట్లకు పైగా లాగుతున్నాయి.

వారం రోజులు సెలవు పొడిగించి వాషరు మార్పించాను. నక్షత్రాల లేబుల్ చూసి, ఏడాదికి 200 యూనిట్ల లోపు వాడే చిన్న ఫ్రిజ్ కొన్నాను. 30 వాట్ల లోపుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఎల్‌ఈడీ దీపాలు పెట్టించాను. కూలరు మీది దుప్పటి తీసి మడతపెట్టి బీరువా అడుగున దాచాను.

మన క్వార్టర్లకూ ఈ లెక్క వర్తిస్తుంది. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఏడో తరగతి పిల్లవాడు కూడా ఇంట్లోని ప్రతి వస్తువుకూ ఈ లెక్క కట్టగలడు. ఆ పట్టిక చేతిలో ఉంటే ఏది ఖర్చో, ఏది వృథాయో తేటతెల్లమవుతుంది. 2006 నుండి అమలులో ఉన్న నక్షత్రాల లేబుల్ 2023 జనవరి నుండి ఫ్యాన్లకు కూడా తప్పనిసరి అయింది. ఏసీని 18కి దించక 24 వద్ద ఉంచి, తోడుగా ఫ్యాను తిప్పుకుంటే సుఖానికి లోటు రాదు. 2024లో జార్ఖండ్ ప్రభుత్వం గృహావసరాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమన్నది. అదే ఏడాది వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో ఇంటికప్పుపై 3 కిలోవాట్ల సౌరఫలకాలకు 78,000 రూపాయల సబ్సిడీ ఉన్నది. ఇవన్నీ మేలైనవే. కాని చిల్లుకుండలో ఎన్ని నీళ్ళు పోసినా నిలవవు. ముందు చిల్లు పూడ్చాలి.

ఒక్క విన్నపం. బిల్లు పెరిగిందని ఇంట్లో పెద్ద గొంతుతో అన్నప్పుడు ఆ మాట ఫ్రిజ్‌కు వినపడదు, మోటారుకు వినపడదు. ఇంట్లో అందరికన్న మెత్తనైన మనిషికి వినపడుతుంది. ఆ మనిషి తన ఫ్యానే కట్టేస్తుంది. కాబట్టి మాట అనే ముందు మీటరు దగ్గరికి వెళ్ళి చూడండి.

మరుసటి ఏడాది, 2020 మే నెలలో, లాక్‌డౌన్ వల్ల నేను జంషెడ్‌పూర్ వెళ్ళలేకపోయాను. కూలరు నడిచినా ఆ నెల 150 యూనిట్లు దాటలేదు. ఆ సంగతి నేను అమ్మకు చెప్పలేదు. చెబితే ఇంకా తగ్గించవచ్చునేమో అని ఆలోచించగల మనిషి ఆమె. రోజూ మధ్యాహ్నం ఫోను చేసి, "భోజనం చేశావా?" అని అడిగి, ఆమె మాటల వెనుక కూలరు గురగుర వినిపిస్తున్నదో లేదో చెవి ఒగ్గి వినేవాడిని. ఇప్పటికీ వేసవి వస్తే అదే పని చేస్తున్నాను.